అందించొద్దు

మూడో అంకం, నలభై రెండో పేజీ.
తండ్రి బల్ల మీద చెయ్యి ఆనించి అంటాడు:
"ఈ ఇల్లు నేను..."
అచ్చులో ఆ పక్కనే "కట్టలేదు" అని ఉంది.
రెంటి మధ్యా పెన్సిలుతో, ఒత్తి రాసిన మాట:
అందించొద్దు.

పగలు నేను ఆర్జెంట్ వీధి మందుల షాపులో
బిళ్ళలు లెక్కపెడతాను.
రాత్రి ఈ హాల్లో, తెర పక్కన ఎత్తు స్టూలెక్కి
మాట మర్చిపోయేవాళ్ళ కోసం కాచుకుంటాను.
బ్రోకెన్ హిల్‌లో ఈ నాటకం ఇరవై ఏళ్ళకో, ముప్పై ఏళ్ళకో పడుతుంది.
వాన కన్నా కాస్త నమ్మకం.

పుస్తకం ఒకటే. అట్ట మూడుసార్లు మారింది.
లోపల చేతిరాతలు ఒకదాని మీదెక్కి ఒకటి పోట్లాడుకుంటాయి.
ముప్పై ఎనిమిదిలో: కుర్చీ ఎడమ పక్క.
యాభై ఏడులో కుడి పక్క, "ఇక్కడ అమ్మ ఏడవాలి".
డెబ్బై నాలుగులో ఎవరో ఆ ఏడుపు కొట్టేశారు,
"బంగాళాదుంపలు చెక్కుతూనే ఉండాలి".
తొంభై ఒకటిలో అసలు కుర్చీలే లేవు. అప్పుడది ఫ్యాషన్.
"నొప్పి పుట్టింది" అని అంచున సన్నగా ఉంది,
నడుముకో, మనసుకో రాయలేదు.

ఆ ఆగడం మాత్రం మారలేదు.
ప్రతి తండ్రీ అక్కడే ఆగాడు,
తల వంచి, ఏడు లెక్కపెట్టేంతసేపు.
సిడ్నీ నుంచి వచ్చిన దర్శకుడొకాయన దాన్ని
తరాల మౌనం అన్నాడట. పేపర్లో వేశారు.

ఐలీన్ ట్రెనరీ గారు బీపీ బిళ్ళలకొచ్చి
కౌంటరు మీద కర్ర ఆనించి నవ్వింది.
"మౌనమా! జేబెజ్‌కి ఊపిరి అందలేదమ్మా.
సీసం గనిలో ఇరవై రెండేళ్ళు.
చిన్న కూతురి వేషం నాది, ఎనిమిదేళ్ళు నాకు,
బల్ల కింద ఆయన మోకాలు వణకడం నేను చూశా.
ప్రాంప్టింగ్ వాళ్ళావిడ విన్నీది.
మాట గుర్తుంది ఆయనకి, గాలే లేదు.
అది ఆవిడకి తెలుసు. అందుకని రాసుకుంది."
బిళ్ళలు సంచిలో వేసుకుని చిల్లర సరిచూసుకుంది.

మా చీరాలలో చచ్చిపడ్డ రాజు
వన్స్ మోర్ అంటే లేచి,
దుమ్ము దులుపుకుని, పద్యం ఎత్తుకుని
మళ్ళీ చచ్చేవాడని మా తాత చెప్పేవాడు.
ఇక్కడ ఎవరూ వన్స్ మోర్ అనరు.
అనకుండానే జేబెజ్‌ని లేపుతున్నారు,
దులిపినా పోని దుమ్ముతో సహా.

ఈసారి తల్లి వేషం మార్లీన్‌ది. బార్కిండ్జి మనిషి.
రిహార్సల్లో అడిగింది:
"ఈ ఇల్లు నేను, అని ఆయన ఆగినప్పుడు
నేనెటు చూడాలి?"
"ఆయన వైపు" అంది దర్శకురాలు.
మార్లీన్ దుంపా కత్తీ ఒళ్ళో పెట్టుకుని
నేల వైపు చూసింది.
ఎవరూ మాట్లాడలేదు.
నేను నా వంతు పెన్సిలు తీసి రాసుకున్నాను: నేల.

ఇవాళ ఆఖరి ప్రదర్శన.
తండ్రిగా వేస్తున్నది బడి పంతులు, రోజూ పాతిక కిలోమీటర్లు
సైకిలు తొక్కేవాడు, గుర్రం లాంటి ఊపిరితిత్తులు.
"ఈ ఇల్లు నేను..."
ఆగాడు.
అయిదు. ఆరు. ఏడు.
ఎనిమిది.
తల ఎత్తి నా వైపు చూశాడు.
నిజంగానే మర్చిపోయాడు.
మాట నా నాలుక మీద ఉంది,
వేలు విన్నీ రాత మీద ఉంది.
పది. పదకొండు.
మార్లీన్ నేల మీంచి కళ్ళెత్తలేదు.

మొదటి వరసలోంచి,
చెవిటివాళ్ళు గుసగుసలాడేంత గట్టిగా,
"కట్టలేదు" అంది ఐలీన్.

కొందరు నవ్వారు. ఆయన ఆ మాట అందుకున్నాడు,
తెర పడింది.
పుస్తకం ఇంకా నా ఒళ్ళోనే ఉంది.
ఆ పేజీలో వేలెడు జాగా మిగిలింది,
పెన్సిలు మొన అరిగిపోయింది.